అప్‌డేట్: నాన్నగారి జ్వరం, వైడల్ పాజిటివ్ వచ్చింది గానీ టైఫాయిడ్ కాదు

పోయిన వారం అడిగాను కదా: అమలాపురం దగ్గర మా ఊళ్ళో నాన్నగారికి మూడు రోజులుగా జ్వరం, ల్యాబ్‌లో వైడల్ (టైఫాయిడ్‌కి చేసే రక్తపరీక్ష) 1:80 పాజిటివ్, టైఫాయిడ్ ఇంజెక్షన్లు మొదలెట్టించమంటారా అని. ఆగమన్న అందరికీ దండాలండి.

మర్నాడు పొద్దున్నే పీహెచ్‌సీకి తీసుకెళ్ళాం. డాక్టరుగారు రిపోర్టు చూసి, "మూడో రోజుకే యాంటీబాడీలు అంతగా తయారవ్వవండి. ఎప్పుడో వచ్చిపోయిన టైఫాయిడ్‌కి కూడా 1:80 చూపించొచ్చు. తేల్చాలంటే మందు పడకముందే బ్లడ్ కల్చర్, అంటే రక్తంలో క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష, చెయ్యాలి" అన్నారు. మలేరియా, డెంగీ ఎన్ఎస్1 నెగెటివ్.

తర్వాత చొక్కా విప్పించి చంకలు, నడుం అంతా వెతికారు. మొలతాడు కింద శనగగింజంత నల్ల పెచ్చు, సిగరెట్టుతో కాల్చినట్టు, చుట్టూ ఎర్రటి అంచు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే నాన్నగారు ఎవరికీ చెప్పలేదు. జ్వరానికి వారం పది రోజుల ముందు చేలగట్టు మీద గడ్డి కోశారు. నేను కాగితాలు పట్టుకుని తిరిగాను గానీ ఆయన ఒళ్ళు ఒక్కసారి చూడలేదు, అదే బాధగా ఉంది.

స్క్రబ్ టైఫస్ అన్నారు, అంటే గడ్డీ పొదల్లో ఉండే కంటికి ఆనని చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం; ఆ నల్ల పెచ్చు అది కుట్టిన చోటే. ఐజీఎంకి (ఆ జబ్బు యాంటీబాడీలు చూసే పరీక్ష) రక్తం పంపారు గానీ, మొదటి వారంలో అది నెగెటివ్ వచ్చినా కొట్టిపారెయ్యలేమని, ఆగకుండా డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ 100 మిల్లీగ్రాములు రెండు పూటలా మొదలెట్టారు. రెండో రోజు రాత్రికి జ్వరం దిగింది. ఇవాళ చారన్నం అడిగి మరీ తిన్నారు.

ఐజీఎం రిపోర్టు శుక్రవారం వస్తుందట, రాగానే ఇక్కడే పెడతాను.