73 అంగుళాల డీఎల్‌పీ టీవీ: ల్యాంప్ కొనాలా, సెట్టే మార్చాలా?

దర్పణం: అమెరికాలో మనవాళ్ల బేస్‌మెంట్లలో మిత్సుబిషి 73 అంగుళాల రియర్ ప్రొజెక్షన్ సెట్లు (లోపలి ల్యాంప్ వెలుగుతో తెర వెనక నుంచి బొమ్మ వేసే డీఎల్‌పీ టీవీలు) ఇంకా ఉన్నాయి. బొమ్మ మసకబారగానే పారేయమని సలహా ఇస్తున్నారు. నేనొప్పుకోను. మసక మెల్లగా పెరిగిందంటే అరిగింది ల్యాంపే. ప్లగ్ తీసి గంటసేపు చల్లారనివ్వండి. మూత విప్పి, ల్యాంప్ గూడు స్క్రూలు వదులు చేసి, పిడి పట్టి నేరుగా లాగండి. కొత్త బల్బు గాజును వేళ్లతో తాకొద్దు. జిడ్డు అంటినచోట వేడి పేరుకుని పగులుతుంది. మూత సరిగా బిగియకపోతే సేఫ్టీ స్విచ్ పడదు, సెట్టు వెలగదు. మంచి ల్యాంప్‌ను పాడైందనుకుని వాపసు పంపేది ఇక్కడే. చివర్లో మెనూలో ల్యాంప్ గంటలు సున్నా చేయండి.

కృష్ణాతీరం: ల్యాంప్ వరకు సరేనండీ, తెల్ల చుక్కల మాటేమిటి? నల్లటి తెరమీదా, మెనూ తెచ్చినా అవి అక్కడే ఉంటే డీఎండీ చిప్‌లో (కదిలే బుల్లి అద్దాలతో బొమ్మను తయారుచేసే చిప్) అద్దాలు ఇరుక్కున్నట్టే. మొదలైతే పెరగడమే. పైగా 1080పీ అన్న చాలా సెట్లలో చిప్‌కు ఉన్నవి 960×1080 అద్దాలే. బొమ్మను కొద్దిగా జరుపుతూ ఒక్కో అద్దంతో రెండు పిక్సెళ్లు చూపిస్తాయి. 4కే లేదు, వెలుగునీడల తేడాను బాగా చూపే హెచ్‌డీఆర్ లేదు. లేచి నిలబడితే వెలుగు తగ్గుతుంది. మిత్సుబిషి కూడా 2012 డిసెంబరులో వీటికి స్వస్తి చెప్పింది.

దర్పణం: 73 అంగుళాల తెరను పది అడుగుల దూరం నుంచి చూస్తే 1080పీ పిక్సెళ్లు కంటికి విడివిడిగా కనిపించవండీ. కాబట్టి 4కే వాదన నిలవదు. హెచ్‌డీఆర్ మాట మాత్రం నిజం. 3డీ సంగతి మరిచారు: ఎల్‌జీ, సోనీ కూడా 2017లో దాన్ని వదిలేశాయి, ఈ సెట్లు చెకర్‌బోర్డ్ పద్ధతిలో (రెండు కళ్ల బొమ్మలను చదరంగం గళ్లలా కలిపి) ఇప్పటికీ చూపిస్తాయి. బ్లూరే ప్లేయర్‌కు అడాప్టర్ అవసరం కావచ్చు. చిప్ కూడా మార్చొచ్చు. చిప్ వేడిని బయటికి పంపే పాత థర్మల్ పేస్ట్ పూర్తిగా తుడిచి, కొత్తది పల్చగా రాసి, స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. ఒకవైపే బిగిస్తే చిప్ సాకెట్‌లో సరిగా కూర్చోక గీతలొస్తాయి.

కృష్ణాతీరం: ఒక్క భాగమే పోతే మీ మాట వింటాను. ఆన్ చేయగానే కీచుమంటే కలర్ వీల్ (గిర్రున తిరుగుతూ బొమ్మకు రంగులద్దే చక్రం) బేరింగ్ అరిగినట్టు. దానికి తోడు చుక్కలు, మసక కూడా ఉంటే ఆ డబ్బు కొత్త సెట్టు మీద పెట్టడమే మేలు.

దర్పణం: ఆ మూడూ కలిస్తే నేనూ వద్దనే అంటాను. కానీ చుక్కలకు ముఖ్య కారణం వేడేనంటారండీ. గాలి దారిలో దుమ్ము చేరనివ్వకుండా, వెనక ఖాళీ వదిలితే చిప్ ఎక్కువకాలం ఆగుతుంది. తీసేసిన ల్యాంప్‌లో పాదరసం ఉంటుంది. చెత్తబుట్టలో వేయకుండా కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి ఇవ్వండి.