అప్‌డేట్: బిల్లు లేని మిక్సీ మార్చి ఇచ్చారు

హనుమకొండ చౌరస్తా దగ్గర అమ్మకు మిక్సీ కొన్నామని, వారం తిరక్కుండానే మోటారు మాడు వాసన వస్తోందని, షాపులో బిల్లు ఇవ్వకుండా చీటీ మీద ధర రాసిచ్చారని, ఇప్పుడు వాపసు తీసుకోబోమంటున్నారని అడిగాను కదా. పని అయింది. సలహా ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

మొదట సేటు అదే మాట: "బిల్లు లేకుంటే మేమేం చేస్తం అన్నా?" ఫోన్‌పేలో ఆ రోజు కట్టిన ఎంట్రీ తీసి చూపించాను. తేదీ, టైము, షాపు పేరు, డబ్బు అన్నీ అందులో ఉన్నాయి. పెట్టె మీది సీరియల్ నంబరు, మిక్సీ అడుగున స్టిక్కర్ మీది నంబరు ఒకటే. ఆయన కళ్లజోడు పెట్టుకుని రెండూ అంకె అంకె సరిచూశాడు. అప్పుడు నెమ్మదిగానే చెప్పాను: 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే తప్పు, బిల్లులో గడువు రాసి లేకపోతే పాడైన వస్తువును 30 రోజుల్లోపు వాపసు తీసుకోవాలి. కుదరకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తానన్నాను. ఆ అవసరం రాలేదు. గోదాములోంచి కొత్త పీసు తెప్పించి, అక్కడే ప్లగ్గు పెట్టి తిప్పి చూపించారు. ఈసారి జీఎస్టీ బిల్లు కూడా ఇచ్చారు.

చీర రంగు నచ్చలేదని అడిగిన అక్కకు: ఈ 30 రోజుల మాట లోపమున్న వస్తువులకే. నచ్చకపోతే మార్చడం షాపు వాళ్ల ఇష్టం, కాబట్టి ట్యాగు తీయకుండా త్వరగా వెళ్లి అడగండి.