బొత్తాంలో త, బటన్‌లో ట

నమస్కారమండీ. నిన్న నా చొక్కాకి ఒకటి ఊడిపోతే మా అమ్మ "ఆ బొత్తాం ఇటు తే, కుట్టేస్తాను" అంది. మా వాడు మూడో తరగతి. "బొత్తాం కాదు నానమ్మా, బటన్" అని దిద్దాడు. ఇద్దరూ ఒకే మాటని రెండు రకాలుగా అంటున్నారని నాకు అనుమానం. అలాగైతే ఒకదాంట్లో త, ఇంకోదాంట్లో ట ఎందుకున్నాయి? అసలు ఇంగ్లీషు 'టి' కనపడగానే మనం ట ఎందుకు వేస్తాం, త ఎందుకు వెయ్యం? తెలిసినవాళ్ళు చెప్పగలరు.

* * *

సరైన చోటే పట్టుకున్నారు. అమ్మగారి బొత్తాం ఇంగ్లీషుది కాదండీ, పోర్చుగీసుది. వాళ్ళు 'బొతావ్' లాంటిదేదో ముక్కుతో అంటారు. వాస్కో డ గామా మలబారు తీరానికి వచ్చింది 1498లో. ఇంగ్లీషు కంపెనీ మచిలీపట్నంలో కొట్టు తెరిచింది 1611లో. అందుకే కొన్ని సరుకుల పేర్లు మనకు రెండుసార్లు దిగుమతయ్యాయి.

మీ ఇంట్లోనే చూడండి. తువ్వాలు పోర్చుగీసు, టవల్ ఇంగ్లీషు. గోడ కట్టే మేస్త్రి పోర్చుగీసు, పాఠం చెప్పే మాస్టారు ఇంగ్లీషు. ఈ ఇద్దరూ లాటిన్ 'మగిస్తెర్'కి మనవలే. ఒక మనవడు త పట్టుకొచ్చాడు, ఇంకొకడు ట. మనవాళ్ళ చెవి ఎంత నిక్కచ్చిగా పనిచేసిందో చూడండి. పోర్చుగీసువాడి నాలిక నిజంగానే పళ్ళని తాకుతుంది, కాబట్టి త అని విన్నారు. ఇంగ్లీషువాడి నాలిక తాకదు.

అనుమానముంటే 'తాత' అనండి. నాలిక పళ్ళ వెనక పరుచుకుంటుంది. ఇప్పుడు 'టాటా' అనండి. నాలిక కొన పైకి లేచి, వెనక్కి వంగి అంగిలికి తగులుతుంది. ఇంగ్లీషు 'టి' ఈ రెంటికీ మధ్యలో, పై పళ్ళ వెనక చిగురు గట్టులా ఉబ్బి ఉండే చోట పుడుతుంది. దాన్ని దంతమూలం అంటారు. మనం ల, ర పలికేది అక్కడే. కానీ గాలిని పూర్తిగా ఆపి వదిలే హల్లు మనకు అక్కడ లేదు. అంటే మనం డాక్టర్ అన్నా తప్పే, దాక్తర్ అన్నా తప్పే. దగ్గరగా తోచిన తప్పును ఎంచుకున్నాం, అంతే.

* * *

దగ్గరతనం ఒక్కటే కాదేమో సార్. త కుర్చీ అప్పటికే నిండిపోయింది కదా! ఇంగ్లీషులో 'థాంక్యూ', 'థియేటర్' మొదట్లో ఉన్న ధ్వనికి మనం థ వేశాం, 'దిస్', 'దట్'లకి ద వేశాం. పళ్ళ వరుస అలా వాటికి పోయింది. టి, డి అక్షరాలకి మిగిలింది ట, డ. నిజానికి ఆ థ, ద కూడా వాళ్ళవి కావు. వాళ్ళది గాలి ఒరుసుకుంటూ పోయే ధ్వని, మనది ఆపి వదిలేది. ఒకప్పుడు ఆ ధ్వనులకి ఇంగ్లీషులో 'థార్న్', 'ఎథ్' అని సొంత అక్షరాలుండేవి. అచ్చుయంత్రాలతో పాటు ఐరోపా నుంచి వచ్చిన అచ్చుల్లో అవి లేవు. థార్న్ బదులు 'వై' వాడటం వల్లే పాత అంగళ్ళ బోర్డుల తరహాలో 'యీ ఓల్డ్' అని రాసే ముచ్చట మిగిలింది. అది నిజానికి 'ది'.

అసలు ఇంగ్లీషు హల్లుల లెక్క వింటే నవ్వొస్తుంది. 26 అక్షరాల్లో హల్లులకి 21. అందులో సి, క్యూ, ఎక్స్ ఎరువు సొమ్ముతో బతికేవి. సి ఒకచోట క, ఒకచోట స. క్యూ ఎప్పుడూ క. ఎక్స్ అంటే క్స, లేదా గ్జ. ఆ మూడూ తీసేస్తే మిగిలింది 18. అక్షరం లేని అనాథ ధ్వనులు ఆరు: ష, చ, 'కింగ్' చివరి ఙ, ఇందాక చెప్పిన రెండు, 'విజన్' మధ్యలోది. మొత్తం 24. రెండక్షరాలు జతచేసి ఆ ష, చ రాయడం వాళ్ళ తిప్పలు.

* * *

నేను ఉద్యోగానికని కొచ్చిలో ఆరేళ్ళున్నాను. మీరు మనకు లేదంటున్న ఆ హల్లు మలయాళీల దగ్గర నిక్షేపంగా ఉంది. బ్యాటరీ, సిటీ అని రాయాల్సివస్తే వాళ్ళు ట వెయ్యరు, వాళ్ళ ఱ ని జంటగా రాస్తారు. ఇంగ్లీషు టి అచ్చంగా అలాగే పలుకుతుంది. ఇంకా గమ్మత్తు ఏమిటంటే, మన పుట్ట, చుట్టు, పట్టు వాళ్ళకూ ఉన్నాయి, ఆ జంట ఱ తోనే. అంటే పుట్టలో మన ట కూడా ఒకప్పుడు ఇంగ్లీషు టి ఉన్న చోటే ఉండేది. డాక్టర్‌ని ట చేయడానికి వెయ్యేళ్ళ ముందే పుట్టని ట చేసేశాం!

* * *

బాగుంది కానీ, మా బళ్ళారి వైపు కన్నడంలో అదే పుట్ట 'హుత్త', చుట్టు 'సుత్తు'. వాళ్ళు త వైపు జరిగారు. అయినా డాక్టర్ని వాళ్ళూ ట తోనే అంటారు. కాబట్టి పుట్టని సాక్ష్యానికి పిలవలేం. కుర్చీ వాదనే నాకు నచ్చింది.

* * *

ఒప్పుకున్నాను. పోలికే, కారణం కాదు.

* * *

ఇంకో మాట. చోటు ఒక్కటే కాదు, ఊపిరి కూడా తేడానే. నోటి ముందు సన్న కాగితం ముక్క పెట్టి ఇంగ్లీషువాణ్ణి 'టెన్' అనమనండి, కాగితం ఎగురుతుంది. 'స్టాప్' అంటే కదలదు. మాట మొదట్లో వాళ్ళ ప, ట, క మన ఒత్తు అక్షరాలకి చుట్టాలు. మనం ఒత్తు లేకుండా అంటాం కాబట్టి వాళ్ళకి మన ప 'బ'లా వినపడుతుంది. బయటి దేశంలో ఫోన్లో నా ఇంటిపేరు 'పి'తో మొదలని మూడుసార్లు చెప్పినా గుమాస్తా 'బి' అనే రాసుకుంది. ఆ కార్డు రెండేళ్ళు అలాగే మోశాను. విచిత్రమేమిటంటే ఒత్తు పలికే అక్షరాలు మన దగ్గర ఉన్నాయి. ఫ ని మాత్రం ఫోన్‌కి, ఫ్యాన్‌కి ఇచ్చేసి, ఇప్పుడు ఫలం కూడా ఫ్యాన్ లాగే పలుకుతున్నాం.

* * *

అందరికీ ధన్యవాదాలు. ఇదంతా అమ్మకి చదివి వినిపించాను. బొత్తాం కుట్టడం ఆపకుండానే వింది. అంతా అయ్యాక, "సరే, చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. మరి ఇస్త్రీలో త ఎవరిది?" అంది.

* * *

అదీ పోర్చుగీసుదేనని చెప్పండి. 'ఎస్తిరార్' అంటే సాగదీయడం. ఇంగ్లీషులో దానికి జోడీ వెతక్కండి, వాళ్ళ 'ఐరన్'లో టి లేదు.