సమస్యాపూరణం: ‘మృతుఁడు చేయెత్తి పిలిచెను మిత్రవరుల’

ఈసారి సమస్య తేటగీతి నాలుగో పాదం. అసంబద్ధంగా కనిపించే ఈ మాటకు అర్థం కుదిరేలా మిగతా మూడు పాదాలు రాయడమే పూరణ:

మృతుఁడు చేయెత్తి పిలిచెను మిత్రవరుల

సందర్భం కూడా ఇస్తున్నాను. హెర్మన్ మెల్విల్ 1851లో రాసిన ‘మోబీ డిక్’ నవలను జాన్ హ్యూస్టన్ 1956లో సినిమాగా తీశారు. ఆయనతో కలిసి స్క్రీన్‌ప్లే రాసినది రే బ్రాడ్‌బరీ. ఐర్లండ్‌లోని యాల్ రేవునే అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్‌గా మార్చి చిత్రీకరించారు. తన కాలు తెంచిన తెల్ల తిమింగలం మీద పగబట్టిన కెప్టెన్ ఏహాబ్‌గా గ్రెగరీ పెక్ నటించారు. చివర్లో ఏహాబ్ ఆ తిమింగలం వీపెక్కి, దానికి చుట్టుకున్న తాళ్ళలో చిక్కి చనిపోతాడు. అది పొర్లినప్పుడల్లా శవం చేయి లేచి, రమ్మన్నట్టు ఊగుతుంది. పూరణ సినిమా మీదైనా, నవల మీదైనా సరే.

కాకినాడ మిత్రుని పూరణ

నౌక నడిపించి పగతోడ నాయకుండు
త్రాళ్ళఁ జిక్కెఁ దిమింగలతనువునందు
నలలు కదలింప నది చూచి యనిరి సఖులు
మృతుఁడు చేయెత్తి పిలిచెను మిత్రవరుల

ధార బాగుంది, యతులు (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని నియత అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) చక్కగా కుదిరాయి. కానీ ‘అనిరి సఖులు’ అనేసరికి సమస్య బిగువు సడలింది. అసంబద్ధమైన మాటను ఎవరి నోటనో పెట్టడం పూరణల్లో అందరికీ అందుబాటులో ఉండే దారి. ఇక్కడ ఆ అవసరం లేదు, ఎందుకంటే చేయి నిజంగానే లేచింది. మూడో పాదం ఇలా మార్చి చూడండి:

తిమియె పొరలంగ బాహువు తేలియాడ

ఇప్పుడు కారణం పద్యంలోనే ఉంది, సాక్షులతో పని లేదు.

హైదరాబాద్ సోదరి పూరణ

జోస్యమును జెప్పి మునుముందె చచ్చె నతఁడు
మూఁడవది యైన దినమందు మొగము దోఁచె
గనుల నేహాబుఁ జూచుచుఁ గదలు చేత
మృతుఁడు చేయెత్తి పిలిచెను మిత్రవరుల

నవల చదివినవారి పూరణ ఇది, ఆ సంగతి వెంటనే తెలుస్తోంది. నవలలో తిమింగలం వీపున కనిపించే శవం ఏహాబ్‌ది కాదు, అతనికి జోస్యం చెప్పిన పార్సీ ఫెడల్లాది. వేట మూడో రోజున ఆ శవం తెరుచుకున్న కళ్ళతో ఏహాబ్‌నే చూస్తూ ఉంటుంది. ఏహాబ్ మాత్రం మెడకు తాడు చుట్టుకుని, ఒక్క క్షణంలో నీళ్ళలో మాయమవుతాడు. సినిమాలో ఫెడల్లా పాత్రే లేదు. అతని చావును ఏహాబ్‌కి ఇచ్చారు. నా దృష్టిలో ఆ సినిమా చేసిన గొప్ప మార్పు ఇదే.

మొదటి పాదంలో యతి తప్పింది. ‘జో’కు ‘చ’ హల్లు కుదిరినా అచ్చు కుదరదు. ‘సోలె నతఁడు’ అంటే సరిపోతుంది. ఇంకో సంగతి, నవలలో ఫెడల్లా చేయి కదలదు, తాళ్ళు అతన్ని బిగించేశాయి. నవలను నమ్ముకుంటే ‘కదలు చేత’ పొసగదు. చూస్తున్నది ఏహాబ్ ఒక్కణ్ణే కాబట్టి ‘మిత్రవరుల’ అనే బహువచనానికీ ఆధారం కావాలి.

డాలస్ మిత్రుని పూరణ

చిత్రమందున మృతినందె సిద్ధనటుఁడు
రబ్బరు తిమికిఁ గట్టిరి రజ్జువులను
గట్లు విప్పుఁడు షాటయ్యెఁ గద యటంచు
మృతుఁడు చేయెత్తి పిలిచెను మిత్రవరుల

భలే! పాత్ర చచ్చింది, నటుడు బతికే ఉన్నాడు, విరోధం పూర్తిగా తీరిపోయింది. షూటింగులో అలా జరిగిందని కాదు, కవి ఊహ. ‘షాటు’ వద్దని ఒక సభ్యుడు అభ్యంతరం చెప్పారు. సినిమా సెట్టు మీద మాట అది, మార్చితే సహజత్వం పోతుంది. ఉంచమనే నా మాట.

విజయనగరం సోదరి పూరణ

వలదు వలదన్న వాఁడునుఁ బడవ నడిపి
చావు నోటికి నెదురేఁగె సఖులఁ గూడి
యలల నూఁగిన బాహువే యాజ్ఞ గాఁగ
మృతుఁడు చేయెత్తి పిలిచెను మిత్రవరుల

నన్ను ఆపేసిన పూరణ ఇది. వలదన్నవాడు ఓడలో ఏహాబ్ తర్వాతి అధికారి స్టార్‌బక్, సినిమాలో లియో జెన్ వేసిన పాత్ర. నోరులేని జంతువు మీద పగేమిటని మొదటినుంచీ ఏహాబ్‌ను అడ్డుకున్నవాడు అతనే. నవలలో అతను చివరిదాకా ఓడలోనే ఉంటాడు. సినిమాలో మాత్రం ఆ చేయి ఊగడం చూసి, వెనుదిరగబోయిన వాళ్ళను తనే తిమింగలం మీదికి నడిపిస్తాడు. కథ చెప్పే నావికుడు ఇష్మాయిల్ తప్ప అందరూ పోతారు. మిగతా పూరణలు చేయి ఎలా లేచిందో చెప్పాయి. ఆ పిలుపుకు ఎవరు వెళ్ళారో చెప్పినది ఇదొక్కటే. ‘బాహువే యాజ్ఞ గాఁగ’ దగ్గర సమస్యాపాదం అతికించినట్టు లేదు, పద్యంలోంచే పుట్టింది.

పేరు లేకుండా ‘వలదన్న వాఁడు’ అంటే సినిమా చూడనివారికి ఎలా తెలుస్తుందని కాకినాడ మిత్రులు అడిగారు. తెలియకపోయినా పద్యం నిలుస్తుంది. వద్దన్నవాడే వెళ్ళాడన్నది చాలు. స్టార్‌బక్ పేరు ఇరికిస్తే రెండో పాదం నడక చెడుతుంది.