కిడ్, చైల్డ్, టాడ్లర్, వార్డ్: ఎక్కడ ఏది రాయాలి?

చిట్టిపలక అడిగిన ప్రశ్న:
తెలుగులో 'పిల్లలు' అంటే చాలు, పొత్తిళ్లలో ఉన్నవాడి దగ్గర్నుంచి పెళ్లీడుకొచ్చినవాడి దాకా అందరూ వచ్చేస్తారు. ఇంగ్లీషులో అలా కుదరడం లేదు. బడి నుంచి వచ్చే ప్రతి కాగితంలోనూ 'యువర్ వార్డ్' అనే ఉంటుంది కదా, సెలవు చీటీలో మనమూ 'మై వార్డ్' అని రాయవచ్చా? టీచరుకు మెయిల్ రాసేటప్పుడు 'కిడ్స్' అంటే మర్యాద తక్కువవుతుందా? ఇన్ఫంట్ ఎప్పటిదాకా, టాడ్లర్ ఎప్పటి నుంచి? విమానం టికెట్టు ఫారంలో ఒకలా, మందు సీసా మీద ఒకలా కనిపిస్తోంది. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

బడిగంట:
ముందు వార్డ్ సంగతి. ఈ మాటకు అసలు అర్థం కన్నబిడ్డ కాదండీ. తల్లిదండ్రులు కాకుండా కోర్టో, సంరక్షకుడో బాధ్యత తీసుకున్న పిల్లవాడు. మన బడులు దీన్ని పట్టుకోవడానికి కారణం సౌకర్యమే. ఒకే సర్క్యులర్ కొడుకున్నవాళ్లకీ, కూతురున్నవాళ్లకీ, మేనల్లుణ్ణి దగ్గరుంచుకుని చదివిస్తున్న మేనమామకీ సరిపోతుంది. అందుకని బడి రాస్తే చెల్లుతుంది. కన్నవాళ్లు రాస్తే వింతగా ఉంటుంది. అమెరికాలోనో ఇంగ్లండులోనో అయితే 'గార్డియన్‌షిప్ కాగితాలున్నాయా?' అని అడిగినా అడుగుతారు. సెలవు చీటీలో కొడుకైతే 'మై సన్', కూతురైతే 'మై డాటర్' అని రాసి, పక్కన పేరు, తరగతి రాయండి. తర్వాత ఒక్క వాక్యం: 'హ్యాజ్ హ్యాడ్ ఎ ఫీవర్ సిన్స్ లాస్ట్ నైట్ అండ్ వోంట్ బి ఇన్ స్కూల్ టుడే'. 'కైండ్లీ డూ ద నీడ్‌ఫుల్' తోక అక్కర్లేదు.

ఇలాంటిదే ఇంకోటి, 'ఇష్యూ'. పాత దరఖాస్తుల్లో 'నంబర్ ఆఫ్ ఇష్యూస్' అని గడి ఉండేది. లాయర్ల భాషలో ఇష్యూ అంటే సంతానం. అదీ చివర ఎస్ లేకుండానే: 'డైడ్ వితౌట్ ఇష్యూ'. మామూలు మాటల్లో 'డూ యూ హావ్ ఎనీ ఇష్యూస్?' అంటే ఏమన్నా ఇబ్బందులున్నాయా అని. పిల్లలెందరని అడగబోయి ఈ మాట అంటే ఎదుటివాళ్లు తమ నడుం నొప్పి గురించి మొదలుపెడతారు.

కిడ్ అంటే మొదట మేకపిల్ల. మనుషుల పిల్లలకు యాసగా 16వ శతాబ్దం చివర్లో అంటుకుంది. నవ్వకండి, మన 'పిల్ల' కూడా మేకకీ మనిషికీ ఒకటేగా! ఇప్పుడది బూతూ కాదు, అమర్యాదా కాదు, చనువు మాట. వాట్సాప్‌లో, టీచరుకు రాసే మెయిల్‌లో 'ద కిడ్స్' నిక్షేపంగా రాయండి. ఆస్పత్రి రికార్డు, అఫిడవిట్, వీసా ఉత్తరం, పరామర్శ ఉత్తరం అయితే మాత్రం చైల్డ్, చిల్డ్రన్. ఒక మెలిక ఉంది. 'మై కిడ్' ముద్దుగా ఉంటుంది, 'దట్ కిడ్' అంటే 'ఆ కుర్రవెధవ' అన్న విరుపు రావచ్చు. టీచరు దగ్గర వేరేవాళ్ల పిల్లల గురించి చెప్పేటప్పుడు ఈ రెండోది వద్దు.

ఇక చిల్డ్రన్. పాత ఇంగ్లీషులో ఈ మాటకు 'ర్' చేరిన బహువచనం ఒకటుండేది. అది చాలదన్నట్టు తర్వాత దాని మీద 'ఎన్' కూడా తగిలించారు. ఇప్పటికే రెండుసార్లు బహువచనమైన మాటకు మనం 'చిల్డ్రన్స్' అని మూడో తోక పెడుతున్నాం. 'ఆల్ చిల్డ్రన్స్ ఆర్ ప్లేయింగ్' తప్పు. 'చిల్డ్రన్స్ డే'లో ఉన్న ఎస్ 'యొక్క' అనే అర్థంలో వచ్చింది, అపాస్ట్రఫీ ఎస్‌కు ముందు పెట్టాలి. కిడ్స్‌కు అయితే ఎస్ తర్వాత పెట్టాలి.

వయసు చెప్పేటప్పుడు కూడా చూసుకోండి. 'షి ఈజ్ ఫైవ్ ఇయర్స్ ఓల్డ్'లో ఇయర్స్. అదే నామవాచకం ముందుకొస్తే 'ఎ ఫైవ్-ఇయర్-ఓల్డ్ గర్ల్'. ఇక్కడ ఇయర్‌కు ఎస్ రాదు, మధ్యలో రెండు హైఫన్లు. 'ఫైవ్ ఇయర్స్ ఓల్డ్ గర్ల్' అన్నది మన దగ్గర ఎక్కడ చూసినా కనిపించే తప్పు.

మందుచీటీ:
వయసుల లెక్క నేను చెప్తాను. డాక్టర్ల లెక్కలో పుట్టిన 28 రోజుల దాకా నియోనేట్, వాడుకలో న్యూబార్న్. ఏడాది నిండేదాకా ఇన్ఫంట్. ఒకటి నుంచి మూడేళ్ల దాకా టాడ్లర్, అంటే అచ్చంగా మన తప్పటడుగుల వయసు. మూడు నుంచి ఐదు దాకా ప్రీస్కూలర్.

విమానాల వాళ్ల లెక్క వేరు. రెండేళ్లు నిండకపోతే ఇన్ఫంట్, రెండు నిండి 12 నిండనంత వరకు చైల్డ్. ఇక్కడ పొరపాటు జరిగేది తిరుగు టికెట్టు దగ్గర. చూసేది ప్రయాణం నాటి వయసు, బుక్ చేసిన నాటిది కాదు. వెళ్లేటప్పుడు 23 నెలలుండి, అక్కడ ఉండగా రెండో పుట్టినరోజు వస్తే చాలా ఎయిర్‌లైన్స్ తిరుగు ప్రయాణానికి విడిగా సీటు కొనమంటాయి.

మందుల దగ్గర ఈ మాటను ఇంకా జాగ్రత్తగా చదవాలి. మన దేశంలో పసివాళ్లకిచ్చే పారాసిటమాల్ చుక్కల మందు మామూలుగా మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉంటుంది. కాస్త పెద్దపిల్లల సిరప్ ఒక రకం 5 మి.లీ.కు 120 మి.గ్రా., అంటే మిల్లీలీటరుకు 24. 'ఇన్ఫంట్' అని ఉంది కాబట్టి చుక్కల మందు పలచన అనుకుంటారు. నిజానికి నాలుగు రెట్లు చిక్కన! సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే డోసు నాలుగింతలవుతుంది. అమెరికాలో ఇన్ఫంట్స్, చిల్డ్రన్స్ అని రెండు డబ్బాలున్నా, ఇప్పుడు రెండింటిలోనూ 5 మి.లీ.కు 160 మి.గ్రా.యే. తేడా కొలిచే సాధనంలో: ఒకదానికి సిరంజి, రెండోదానికి చిన్న కప్పు. డబ్బా మీద వయసు మాట కాదు, మి.గ్రా. అంకె చూడండి. ఎంత పోయాలన్నది బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పాలి.

బట్టలు కొనేవాళ్లకు చిన్న ముక్క: అమెరికా సైజుల్లో '2టి'లో టి అంటే టాడ్లరే. '24ఎం' అంటే 24 నెలలు. రెండూ ఒకటే అనిపిస్తాయి కానీ 24ఎం డైపరు పట్టేలా కాస్త వదులుగా కుడతారు, 2టి పొడుగు.

లీడ్స్ గాలి:
ఇంగ్లండుకు వచ్చేవాళ్ల కోసం ఒక మాట. ఇక్కడ 'ఇన్ఫంట్ స్కూల్' బోర్డు చూసి పసిపిల్లల క్రెష్ అనుకోకండి. నాలుగు నుంచి ఏడేళ్ల వాళ్ల బడి అది. ఆ పిల్లల్ని ప్యూపిల్స్ అంటారు. అమెరికాలో అయితే కిండర్‌గార్టెన్ బుడతడు కూడా స్టూడెంటే. స్కాట్లండులోనూ ఇంగ్లండు ఉత్తరాదినా 'బేర్న్' అంటే బిడ్డ. వినండి, అర్థం చేసుకోండి, మీరు వాడకండి, అతకదు. ఇంకోటి, అమెరికాలో ఎదిగిన నల్లజాతి మగవాణ్ణి 'బాయ్' అనడం ఘోరమైన అవమానం. హోటల్లో పనిచేసేవాళ్లను 'బాయ్' అని పిలిచే మన అలవాటు అక్కడికి మోసుకెళ్లొద్దు.

చిట్టిపలక:
అందరికీ ధన్యవాదాలండీ. బడిగంట గారూ, ఒక్కడే కొడుకైతే 'సింగిల్ చైల్డ్' అనాలా, 'ఓన్లీ చైల్డ్' అనాలా?

బడిగంట:
'యాన్ ఓన్లీ చైల్డ్'. ముందు 'యాన్' మరచిపోవద్దు. దాన్ని అటూ ఇటూ జరిపి 'హి ఈజ్ ఓన్లీ ఎ చైల్డ్' అన్నారంటే 'పాపం, ఇంకా చిన్నపిల్లాడేగా' అని అర్థం మారిపోతుంది. సింగిల్ చైల్డ్ అన్నా అర్థమవుతుంది కానీ అక్కడివాళ్ల నోట సహజంగా వచ్చేది మొదటిదే. సీబీఎస్ఈ స్కాలర్‌షిప్ పేరులో మాత్రం 'సింగిల్ గర్ల్ చైల్డ్' అనే ఉంటుంది. ఆ దరఖాస్తులో దిద్దబోకండి, ఉన్నది ఉన్నట్టే రాయండి.