ఎల్‌నినో ఏడాది సార్వాకి (ఖరీఫ్ వరికి) ఏం చూసుకోవాలి?

ప్రశ్న (ముమ్మిడివరం): పసిఫిక్ వేడెక్కింది, వానలు తగ్గుతాయంటున్నారు. అసలక్కడ ముందు మారేది గాలా, వానా? దాన్ని బట్టి స్వర్ణ రకం వరి మానేసి తక్కువ కాలం రకం వేయొచ్చా?

జవాబు 1: రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటాయండి. మామూలుగా తూర్పు గాలులు వేడినీటిని ఇండోనేషియా వైపు నెడతాయి. నీరు 28 డిగ్రీల దగ్గర ఉన్నచోట పెద్ద మేఘాలు కడతాయి. ఆవిరి కిలో నీరుగా మారితే 25 లక్షల జౌళ్ల వేడి గాలికి చేరుతుంది. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వానంటే ఆ కిలో నీరే. ఆ వేడికి గాలి పైకి లేచి, కింద మళ్లీ తూర్పు గాలినే లాక్కుంటుంది. మధ్యలో పడమటి గాలి కొన్నాళ్లు గట్టిగా వీచిందా, దాని తోపుడు కెల్విన్ తరంగమై (భూమధ్యరేఖ వెంట సముద్రంలో తూర్పుకు సాగే పొడవాటి అల) సుమారు 2 నెలల్లో దక్షిణ అమెరికా తీరానికి చేరుతుంది. అటు నీరు వేడెక్కుతుంది, వాన మధ్య పసిఫిక్‌కి జరుగుతుంది, తూర్పు గాలి ఇంకా సడలుతుంది. గాలి, నీటి వేడి ఇలా ఒకదాన్నొకటి పెంచుకోవడమే ఎల్‌నినోను నడిపిస్తుందని 1969లో వాతావరణ శాస్త్రవేత్త బియర్క్‌నెస్ వివరించారు.

జవాబు 2: ఎల్‌నినో పేరు విని రకం మార్చకండి. 1997లో అది చాలా బలమైనది, అయినా దేశంలో వర్షం మామూలే. హిందూ మహాసముద్రం పడమటి భాగం వేడెక్కి ఉండటం అందుకు ఒక కారణం. అంత బలం లేని 2002లో జులై వర్షం సగానికి పైగా తగ్గింది.

పైగా మన కాలవల్లో నీళ్లు మన వానవి కావు. గోదావరి ఉపనదులైన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పరీవాహకంలో వాన పడాలి. అక్కడ ఒక్క వాయుగుండం నిలిచినా లెక్క తారుమారే. దేశమంతా లోటున్న 1986లోనే, ఆగస్టులో, ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది.

ప్రశ్నించినవారు: అయితే నారు పోసే ముందు దేన్ని చూడాలండి?

జవాబు 3: 30 నుంచి 60 రోజులకోసారి భూమధ్యరేఖ వెంట తూర్పుకు కదిలే వాన పట్టీ ఉంది, మాడెన్-జూలియన్ డోలనం అంటారు. అది హిందూ మహాసముద్రం మీదుంటే బంగాళాఖాతంలో అల్పపీడనాలకు అనువు. పడమటి పసిఫిక్‌కి దాటితే మనకు వాన విరామం వచ్చే అవకాశం ఎక్కువ. వాతావరణ శాఖ గురువారాల్లో ఇచ్చే విస్తరిత అంచనాలో (రాబోయే కొన్ని వారాలది) ఇది దొరుకుతుంది.

అసలు ప్రమాదం ఆలస్యం. స్వర్ణకి 145–150 రోజులు. జూన్ 15న పోస్తే నవంబరు రెండో వారంలో కోత. కాలవ నీరు ఆలస్యమై జులై 20కి పోస్తే డిసెంబరు మధ్యకి పోతుంది, తుపాన్ల నెలలన్నీ చేను మీదే గడుస్తాయి, దాళ్వా (రబీ వరి) కూడా వెనకబడుతుంది. అంత ఆలస్యమైతే మాత్రం 120 రోజుల రకమే మేలు.