అభ్రగపతిం బన్నింపఁడా, మన్నింపఁడా?

కృష్ణపట్టె:
పొద్దటి సంది ఒక్క ముక్క మెదుల్తనే ఉన్నది. సిరికింజెప్పడు పద్యంల రెండో పాదం. "పరివారంబునుఁ జీరఁ డభ్రగపతిం..." అటెన్క బన్నింపఁడా, మన్నింపఁడా? మా ఏడో తరగతి సారు మన్నింపఁడనే వల్లె వేయించిండు. ఇన్నేండ్లూ అదే నోట్లె ఉన్నది.

ఇప్పుడెందుకంటే, ఉద్యోగం చేసినన్నాళ్ళు సర్వే విమానంల వెనక సీట్ల కూసున్నోణ్ణి. నేలల ఏ రాయి ఉన్నదో పైనుంచే చూసే యంత్రాలు నా చేతిల ఉండేటివి. ఆ ముచ్చట్లు తెలుగుల రాసియ్యమని మనుమరాలు ఎంటబడ్డది. విమానం లేవకముందు ఆ పెట్టెలు బిగించి, వేడెక్కనిచ్చి, లెక్కలు సరిచూసుడు పెద్ద పని. దానికి 'పన్నించుడు' అనొచ్చునా? అభ్రగపతిని, అంటే గరుడుణ్ణి, తయారు చేసుడుకు పోతన ఆ మాటే వాడిండు గదా, వాడి ఉంటే. ఇంకోటి, సెన్సర్ ఆపరేటర్‌ను తెలుగుల ఏమనాలె?

పానగల్లు పంతులు:
బన్నింపఁడే. మత్తేభంలో యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు కుదరాల్సిన చోటు, 14వ అక్షరం, వేళ్ళమీద లెక్కపెట్టుకోండి. పాదం 'ప'తో ఎత్తుకున్నాడు, 14వ చోట పడేది మీ అనుమానపు అక్షరమే. ప-బ చెల్లుతాయి, ప-మ చెల్లవు. అభ్రగపతిన్ + పన్నింపఁడు, ద్రుతం, అంటే ఆ చివరి నకారం, దాని మీది పరుషం 'ప' సరళం 'బ' అయింది. మీ సారు మీద నాకు గౌరవమే, కానీ తప్పు చెప్పారు.

గద్వాల అంచు:
పంతులుగారు తొందరపడుతున్నారు. బిందుయతి అని ఒకటుంది కదండీ. 'తిం' దగ్గర సున్న కనబడుతూనే ఉంది.

పానగల్లు పంతులు:
ఉంది. సున్న ముందున్న పవర్గాక్షరానికి మకారం చెల్లుతుంది. ఇక్కడ ఆ సున్న ఉండాల్సింది పాదం మొదటి 'ప'కు ముందు. పై పాదం "డే" అని ముగిసింది. సున్న ఏదీ? విద్వద్గద్వాల వారికి నేను చెప్పాలా!

గద్వాల అంచు:
సరే, యతి మీది. భావం నాది. గరుడుడు ఎదురుగా నిలబడితే కన్నెత్తి చూడలేదంటే గుండె ఝల్లుమంటుంది. జీను కట్టించలేదంటే ఏముంది, గుర్రాలశాల పద్దు.

పాలమూరు మన్ను:
మా దిక్కు అరక గట్టిన, బండి గట్టిన అంటం. పన్నేది ఉచ్చు, వల. విమానం పన్నిన అని రాస్తే కూలగొట్టనీకి చూసిండేమో అనుకుంటరు సారూ. పోలీసోల్లొస్తరు.

మిర్యాలగూడ చాయ్:
నాకైతే బన్ను అంటే చాయ్‌ల ముంచుకునేదే యాదికొస్తది. పోతనకు ఆకలైందేమో.

అసలు సంగతి, రాచకొండ సింగభూపాలుడు భాగవతాన్ని పాతిపెట్టిస్తే చెదలు తిన్నదంటరు గదా. ఆ చెదలు తిన్న చోట ఎవరో మ పెట్టి ఉంటరు.

పానగల్లు పంతులు:
చెదల కథ చెప్పేది 5, 6, 11, 12 స్కంధాలకు. గంగన, సింగన, నారయ పూరించినవి అవి. గజేంద్రమోక్షం అష్టమ స్కంధం. చెదపురుగు అందాకా పాక్కుంటూ వచ్చి ఒక్క 'బ' కొరికి పోయిందా?

మిర్యాలగూడ చాయ్:
పురుగుకు కూడా యతి తెల్వాల్నా పంతులుగారూ.

కృష్ణపట్టె:
'కట్టుడు' అన్నది మంచిగనే ఉన్నది తమ్మీ. అయస్కాంత బలం కొలిచే మాగ్నెటోమీటర్‌ను నిజంగ తోకకు పొడుగు గొట్టం పెట్టి దాని కొసకే కడుతుంటిమి, ఇంజను ఇనుముకు దూరముండాలని. అయినా విమానం తన అయస్కాంతం తను మోస్తనే ఉంటది. అందుకే నాలుగు దిక్కులకు పోకుంట రెక్కలు అటిటు ఒరగేసుడు, ముక్కు ఎత్తి దించుడు, తోక ఊపుడు. ఆ అలజడి ఎంతో పట్టుకొని అంకెల్లోంచి తీసేస్తుంటిమి. కడుపుల ఉన్నదంత బయటికొచ్చేది, మొదటి నెల.

నేలలోంచి వచ్చే గామా కిరణాలను లెక్కపెట్టే గామా పెట్టె వేరే. దాంట్ల సోడియం అయొడైడ్ స్ఫటికాలు, ఒక్కోటి 4.2 లీటర్లు, నాలుగైతే 16.8 లీటర్ల పెట్టె. చలిగాని ఎండగాని ఒక్కపారి తగిల్తే పగుల్తయి. పసిపిల్లల లెక్క చూసుకోవాలె.

పాలమూరు మన్ను:
పసి అన్నరు! దొరికింది సారూ. సెన్సర్ ఏం జేస్తది, పసిగడ్తది. దాన్ని నడిపేటోడు పసిగట్టేటోడు. అయిపాయె.

దేవరకొండ దుర్గం:
ఏదో పుస్తకంలో 'సంవేదక చాలకుడు' అని చూశాను. మరుసటి పేజీ తిప్పలేదు. పసిగట్టు నయం. నా ఊహ ఒకటి చెప్తా, నవ్వొద్దు. పసి అంటే పసులు. అడవిలో తప్పిపోయిన పసిని అడుగుజాడ పట్టి తోలుకొచ్చి కట్టేయడమే పసిగట్టడం. నల్లమల అంచున ఉన్నోళ్ళకు తెలుస్తది.

పానగల్లు పంతులు:
నవ్వను గాని ఒప్పుకోను. కుక్క పసిగట్టింది అంటాం. కుక్క పసులను కడుతుందా? అక్కడ పసి అంటే వాసన, అది వేరే మాట. పసిపట్టు అన్నా అదే.

దేవరకొండ దుర్గం:
మా మల్లన్న కాడ కుక్క పసులను మలిపి దొడ్లో కట్టించేది పంతులుగారూ. మీరు పానగల్లు చెరువుకట్ట దిగి చూడాలె.

కృష్ణపట్టె:
కొట్లాట ఆపుండ్రి. పసిగట్టుడు నాకు మనసునబట్టలే, ఎందుకో చెప్త. వాసనంటే ముక్కుకు తగలంగనే తెలిసిపోతది. గాల్ల మాకేం తెలుస్తది? సెకనుకో అంకె పడ్తది, ఆ సెకనులనే విమానం 60 మీటర్లు దాటిపోతది. యురేనియం లెక్క అని రాసుకుంటం గాని 1.76 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కాడ పడే కిరణం యురేనియం గాదు, దాని మునిమనుమడి అసుంటి బిస్మత్-214. గాలిల ఉండే రాడాన్‌కూ వాడే పుడ్తడు. వాన కొడితే ఆ సంతానమంత నేల మీదికి దిగి లేని యురేనియం చూపిస్తది. అటు తడిసిన మన్ను కింది కిరణాన్ని మింగుతది. గట్టివాన వెలిసినంక కొన్ని గంటలు ఖాళీగ కూసునుడే.

పెద్ద నీళ్ళ మీదికి పోతే సగం సంగతి తేలుతది. కిందినుంచి ఏమీ రాదు. అక్కడ మిగిలిన అంకె విమానానిది, గాలిల రాడాన్‌ది, ఆకాశం నుంచి దిగే కిరణాలది. అది తీసేసినంకనే నేల సంగతి. అదిగూడ పైన మూరెడు మందందే. లంబాపురం, పెద్దగట్టు దిక్కు గ్రానైటు మీద శ్రీశైలం క్వార్ట్‌జైటు పరుచుకున్న కాడ, ఆ రెండిటి సందుల యురేనియం ఉన్నది. పైరాయి మందమున్న చోట గామా పెట్టెకు అది ఆనదు. గుట్ట అంచుల కోసుకుపోయి సందు బయటపడితేనే. ఇప్పుడు చెప్పుండ్రి, దీన్ని వాసన పట్టుడంటరా? నాకైతే పద్దు రాసినట్టే ఉంటుండె.

గద్వాల అంచు:
పద్దు రాసేవాడు కరణం. ఆకాశకరణం!

పాలమూరు మన్ను:
కరణం మన దిక్కెక్కడిదక్కా, పట్వారి గదా. అభ్రమంటే మొగులు. మొగులు పట్వారి.

కృష్ణపట్టె:
మా తాత నిజంగనే పట్వారి. మనుమరాలు వింటే ఇల్లెక్కి నవ్వుతది.

గద్వాల అంచు:
నాకు ఇంకో పద్యం పట్టుకుంది. పన్నించకున్నా గరుడుడు వచ్చాడు చూశారా. "తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుఁడు, వాని పొంతను ధనుఃకౌమోదకీ శంఖ చక్ర నికాయంబును..." శంఖచక్రాలు గరుడుడి మీద లేవు, పక్కన విడిగా పరుగెత్తుతున్నాయి. కృష్ణపట్టె సారు పెట్టెలు బిగించకముందే విమానం లేచిపోయినట్టు. ఇంతకూ 'పొంతను' అంటే వెనకనా, పక్కనా? వెనక అని ఒకాయన నాతో గంట వాదించాడు.

పాలమూరు మన్ను:
పక్కనే. మా అవ్వ పొయ్యి పక్కకు పెట్టే నీళ్ళకాగును పొంతకాగు అంటుండె. మంట దానిది గాదు, వేడి మాత్రం దానికీ.

కృష్ణపట్టె:
ఆగు తమ్మీ. పొంత నుంచే పొంతనా?

మేము లైన్లు ఎగిరేది ఒక దిక్కు. ఆ లైన్లకు అడ్డంగ మళ్ళ కొన్ని ఎగరాలె. రెండు లైన్లు కోసుకున్న కాడ కింద నేల ఒక్కటే, అంకె గూడ ఒక్కటే రావాలె. రాదు. పొద్దున ఎగిరిందానికి, పగటీలి ఎగిరిందానికి భూమి అయస్కాంతమే మారుతది. దానికని కింద ఒక యంత్రం పెట్టి దినమంత రాయిస్తుంటిమి. అదంత తీసేసినా ఇంకింత తేడా మిగుల్తది, దాన్ని కోతల కాడ సర్దాలె. ఇన్నేండ్లు లెవెలింగ్ అనే రాసిన. ఇప్పుడే కాయితం మీద కొట్టేసి 'పొంతన కుదుర్చుడు' అని పెట్టిన.

దేవరకొండ దుర్గం:
బాగుంది. కానీ మీరు అడిగింది ఆపరేటర్‌కు మాట కదా, అది అట్లనే మిగిలిపోయింది.

పానగల్లు పంతులు:
అది తర్వాత. పద్యంలో 'పొంతను' అన్నచోట 'ను' విభక్తి, తెలుస్తూనే ఉంది. పొంతనలో ఈ 'న' ఎక్కడిది? రాత్రి భోజనం దగ్గర్నుంచి ఇదే ఆలోచిస్తున్నా.

గద్వాల అంచు:
వంచనలో ఉన్నదే కదండీ.

పానగల్లు పంతులు:
అది సంస్కృతం అమ్మా!